ఆరువందల గ్రాములు

నేను తుపాకీని చేత్తో ముట్టుకున్నవాణ్ణి కాను. నేనుండే ఊళ్ళో దాని బొమ్మ జేబులో వేసుకుని తిరిగినా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. అయినా నిరుడు నవంబరు నుంచి జనవరి దాకా, సింగపూర్ టాంపినీస్‌లో ఎడతెరిపి లేకుండా వాన కురిసిన ఆ మూడు నెలలూ, మా ఆవిడ నడుముకు ఏ పిస్తోలు నప్పుతుందో తేల్చడమే నాకు పని.

మా ఆవిడ పేరు సుమలత. ఆగస్టులో హ్యూస్టన్ వెళ్ళింది. వాళ్ళన్నయ్య శశికాంత్ పద్దెనిమిదేళ్ళ క్రితం ఆమె కోసం పెట్టిన దరఖాస్తు, పెట్టిన సంగతే అందరం మరిచిపోయాక ఒకరోజు పండింది. గ్రీన్ కార్డు వచ్చింది. భర్తను కాబట్టి నాకూ వచ్చేదే. నేను వద్దన్నాను. యాభై రెండేళ్ళ వయసులో బ్యాంకులో ఐటీ ఉద్యోగం వదులుకుని, బావమరిది పెట్రోలు బంకు పక్కన కొట్లో చిప్స్ ప్యాకెట్లు సర్దడానికి నాకు మనసొప్పలేదు. ఆ మాట ఆమెతో ఇంత కటువుగానే అన్నాను. "సరే, మీరు రాకండి. నేను వెళ్ళి ఆర్నెల్లుండి వస్తాను. అన్నయ్య అంత శ్రమపడింది ఊరికే పోగొట్టుకోవడం ఎందుకు?" అంది. ఫిబ్రవరి పదహారుకి తిరుగు టికెట్ నేనే కొన్నాను.

మాకు పిల్లల్లేరు. పంతొమ్మిదేళ్ళుగా ఇంట్లో మేమిద్దరమే. ఆగస్టు నుంచి నేనొక్కణ్ణే. ఆఫీసులో ఎవరిమీదో చిరాకుపడి, ఆ భాగోతమంతా చెప్పాలని ఆత్రంగా ఇంటికొచ్చి, తలుపు తీశాక వినేవాళ్ళు లేరని గుర్తొచ్చేది. రెండు నెలలైనా ఆ అలవాటు పోలేదు. చెప్పులు విప్పుతూ విప్పుతూ గుమ్మంలోనే కూర్చుండిపోయేవాణ్ణి. దిగులుగా ఉండేది.

రోజూ పొద్దున్న ఏడింటికి ఆమె ఫోన్ చేసేది. అక్కడ అప్పటికి ముందురోజు సాయంత్రం అయిదు. నవంబరు రెండో వారంలో ఒకరోజు గొంతు వేరేగా ఉంది.

"ఏవండీ, ఒకటి చెప్తాను. కంగారు పడకూడదు."

"అలా అంటేనే కంగారు. ఏమైంది?"

"నిన్న ఒకడొచ్చాడండీ కొట్టుకి. మామూలుగానే వచ్చాడు. కౌంటర్ దగ్గర నిలబడి చొక్కా పైకెత్తాడు. నడుం దగ్గర తుపాకీ. ఏం మాట్లాడలేదు. సిగరెట్ డబ్బాలు తీసుకుని పోయాడు. అన్నయ్య వెనక గోడౌన్‌లో ఉన్నాడు. నాకు చేతులెత్తాలని కూడా తోచలేదు. అలా నిలబడిపోయాను."

అందరు మొగుళ్ళూ అనేదే అన్నాను. "వచ్చెయ్. టికెట్ మారుస్తాను."

"నాలుగు రోజుల్లో పండగ సీజను అండీ. అన్నయ్యకి మనుషుల్లేరు. ఫిబ్రవరిలో వస్తాను కదా." మళ్ళీ తనే అంది. "అన్నయ్య నన్నూ ఒకటి కొనుక్కోమంటున్నాడు. చిన్నది. ఎప్పుడూ ఒంటిమీద ఉండేది, బయటికి కనపడనిది. ఇక్కడ అందరికీ ఉంటుందట. ఏది మంచిదో మీరు చూసి చెప్పండి."

నిజం చెప్పాలంటే ఫోన్ పెట్టేశాక నాకు భయంతోపాటు సంతోషం కూడా కలిగింది. మూడు నెలల తర్వాత ఆమె నన్ను ఒక పని అడిగింది. సిగ్గుపడాల్సిన సంతోషమే, కానీ కలిగింది.

మా ఇంట్లో గ్రైండరు కొనాలన్నా నేను పట్టిక వేస్తాను. దీనికీ వేశాను. పంతొమ్మిది రకాలు. బరువు, పొడవు, మందం, ఎన్ని గుండ్లు పడతాయి, మీట నొక్కడానికి ఎంత బలం కావాలి, అన్నిటికీ గడులు. మధ్యాహ్నం భోజనం వేళ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వీడియోలు చూసేవాణ్ణి. గడ్డాల మనుషులు బొజ్జ మీదికి చొక్కా దించుకుని, అటు తిరిగి ఇటు తిరిగి, "కనిపిస్తోందా?" అని అడుగుతుంటారు. వెనకనించి ఎవరైనా వస్తుంటే గబుక్కున ఆఫీసు మెయిలు తెరిచేవాణ్ణి. ఈ దేశంలో నా కంప్యూటర్లో ఏమేం వెతికానో చూస్తే నన్ను ఎవరు నమ్ముతారు?

వారం రోజులు కష్టపడి ఒకటి తేల్చాను. అన్నిట్లోకీ చిన్నది, మూడువందల యాభై గ్రాములు. అరచేతిలో ఇమిడిపోతుంది. ఆకుపచ్చ రంగు వేసి పట్టిక పంపాను. "బాగుందండీ, అన్నయ్యకి చూపిస్తాను" అని జవాబు పెట్టింది.

ఆ ఆదివారం పొద్దున్న మా ఫ్లాట్ల బ్లాకు కింద కాఫీ కొట్లో ఫసియుద్దీన్ అంకుల్ కనిపించాడు. పాతబస్తీ మనిషి, మాట చివర ఇక్కడివాళ్ళ ‘లా’ కూడా అంటుకుంది. నలభై ఏళ్ళ క్రితం ఇక్కడికొచ్చి, ఒక సెక్యూరిటీ కంపెనీలో ఇరవై రెండేళ్ళు చేసి రిటైరయ్యాడు. బ్యాంకు పెట్టెలు మోసే బండి వెంట నడుముకు రివాల్వర్‌తో వెళ్ళే ఉద్యోగం. మా బ్లాకు మొత్తానికి తుపాకీ సంగతి తెలిసిన తెలుగువాడు ఆయనొక్కడే. బయట వాన దంచుతోంది. ఆయన నా కోసం కుర్చీ మీద గొడుగు పెట్టి, ఇక్కడివాళ్ళు చోప్ అంటారే, అలా చోటు పట్టి ఉంచాడు.

"ఏంది శ్రీనాథ్ భాయ్, మొఖం గట్ల వాడిపోయింది? తింటున్నవా లేదా? మీ ఆంటీ నీకోసం ఖట్టీ దాల్ పంపింది." అని డబ్బా నా ముందుకు తోశాడు. ఆంటీ అంటే ఆయన భార్య అన్వరి బేగం.

నేను చుట్టూ చూసి, ఫోన్‌లో పట్టిక తెరిచి, గొంతు తగ్గించి సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు. చూసి పెద్దగా నవ్వాడు.

"గిదా నువ్వు పసంద్ చేసింది? చిన్నగుంటది గావట్టి మంచిదనుకున్నవా?"

"తేలిక కదా అంకుల్. రోజంతా మోయాలి."

"అరే భాయ్, తేలికది గట్టిగ తంతది. మన చేతిల బరువుంటేనే దెబ్బ ఆగుతది. చిన్న పిడి ఉన్నదాన్ని రెండు వేళ్ళతోటి పట్టుకుంటే గుండు యాడికి పోతదో అల్లాకెరుక. మొదలు బీబీ చెయ్యి ఎంతుంటదో చెప్పు."

నాకు తెలియలేదు. పంతొమ్మిదేళ్ళ సంసారం. గాజుల సైజు తెలుసు, చేతి పొడవు తెలియదు.

"గుండు లోపలికి పోవాల్నంటే పైనున్న స్లైడును ఎనక్కి గుంజాలె, గుంజగలదా? బలం కావాలె దానికి. ఆవకాయ సీస మూత తీస్తదా?"

"కుడి మణికట్టు ఒకసారి విరిగింది అంకుల్. మూతలన్నీ నేనే తీసేవాణ్ణి."

"మరి ఇప్పుడెవరు తీస్తున్నరు?"

ఆయన కాఫీ సాసర్‌లో పోసుకుని చప్పరించాడు.

"ఇరవై రెండేండ్లు కట్టుకున్న నేను. ఒక్కసారి బయటికి తీయలే, అల్హమ్‌దులిల్లా. కానీ అది నడుముకున్నంతసేపూ ఉన్నట్టు యాదికుంటది. కూసుంటే తెలుస్తది, వంగితే తెలుస్తది. ఎవడన్న తిడితే నవ్వి పక్కకు జరగాలె. గది మోసేటోళ్ళకే సమజైతది లా. లిస్టులుండవు దానికి."

ఇంటికొచ్చి పట్టికలో ఆకుపచ్చ చెరిపేశాను. ఆయన మాటల ప్రకారం చూస్తే ఆమెకు సరిపడేవి ఆరువందల గ్రాముల దగ్గర ఉన్నాయి. ఆరువందలు ఎంతో నాకు అంకెగా తెలుసు గాని ఒంటికి తెలియదు. వంటింట్లోకి వెళ్ళి తక్కెడ మీద కందిపప్పు తూచాను. పాత తలగడ గలీబు కత్తిరించి, పప్పు పోసి, అట్టముక్క పెట్టి బిగువుగా కుట్టాను. మర్నాడు దాన్ని ప్యాంటు లోపల, బెల్టు కింద, కుడి తుంటి మీద దోపుకుని, చొక్కా పైకి వదిలి ఆఫీసుకు బయల్దేరాను.

మన తెలివితేటలు ఇలాగే ఉంటాయి. మెట్రో స్టేషన్లో గేటు దగ్గర అప్పుడప్పుడు బల్ల వేసి తనిఖీ చేస్తుంటారు. ఆరేడేళ్ళుగా నన్నెవరూ ఆపలేదు. ఆ రోజే ఆపారు. సంచి చూసి పంపేదే, కానీ నేను అదేపనిగా చొక్కా కిందికి లాక్కుంటున్నాను. యూనిఫాంలో ఉన్న మలయ్ ఆవిడ ఉబ్బెత్తు చూసింది.

"అంకుల్, దిస్ వన్ వాట్ ఆ?"

"దాల్" అన్నాను.

"దాల్?"

"సిక్స్ హండ్రెడ్ గ్రామ్స్" అన్నాను, అదేదో సమాధానమైనట్టు. తీసి బల్లమీద పెట్టాను. నా వెనక వరసలో ఉన్నవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. ఆవిడ ముట్టుకుని, నొక్కి, వాసన కూడా చూసింది. నడుంనొప్పి అని అబద్ధమాడాను.

"ఓ, హాట్ ప్యాక్! మై మదర్ ఆల్సో లా, షీ యూజ్ రైస్. టేక్ కేర్, అంకుల్." అని రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. ఆ ఒక్క మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టేక్ కేర్ అని నాతో ఎవరైనా అని చాలా రోజులైంది.

సాయంత్రం దాకా మోశాను. కూర్చుంటే పొట్టలోకి పొడుచుకుంది. ఫైలు కిందపడితే వంగకుండా కాలితో లాక్కున్నాను. ఎవరో భుజం తట్టి పలకరిస్తే ఒక అడుగు వెనక్కి వేశాను. రాత్రి స్నానానికి వెళ్ళినప్పుడు చూస్తే తుంటిమీద చర్మం కందిపోయింది.

మర్నాడు పొద్దున్న ఫోన్‌లో ఈ కథంతా చెప్పాను. సుమలత నవ్వింది. ముందు కిసుక్కున, తర్వాత ఆపుకోలేక. హ్యూస్టన్ వెళ్ళాక ఆమె అలా నవ్వగా వినడం అదే మొదలు. ఇంకోసారి చెప్పమంటే చెప్పాను. మలయ్ ఆవిడ గొంతు అనుకరించి మరీ చెప్పాను.

"ఎన్నాళ్ళు మోశారేంటి?" అంది నవ్వు ఆపుకుని.

"ఒక్కరోజు."

"ఒక్కరోజేనా. నేను రోజూ మోయాలి కదండీ."

"రోజూ ఏముంది, ఫిబ్రవరి దాకానేగా."

ఆమె మాట మార్చింది. "చెప్పడం మర్చిపోయాను, ఆదివారం అన్నయ్య తుపాకీ కాల్చడం నేర్పే రేంజికి తీసుకెళ్ళాడు. మీరు ఆకుపచ్చ రంగేశారే, అది పేల్చాను. చేతిలోంచి ఎగిరినంత పనైంది. బొటనవేలి పక్కన తోలు లేచింది. తర్వాత వాళ్ళిచ్చినవి ఇంకో అయిదు చూశాను. ఒకటి చేతిలో పెట్టగానే సరిపోయిందండీ. ఎలా చెప్పాలి, వేళ్ళన్నీ వాటి చోట్లలోకి వెళ్ళిపోయాయి. స్లైడు కూడా నేనే లాగాను. ముప్ఫై గుండ్లు కాల్చాను. చెయ్యి వణకలేదు."

పేరు చెప్పింది. నా పట్టికలో ఏడో వరస. బరువెక్కువని, మందమెక్కువని నేనే ఎర్రగీతతో కొట్టేసినది.

"అది నేను కొట్టేశాను కదా" అన్నాను.

"చూశానండీ" అంది. "అయినా అదే తీసుకుంటాను."

ఆమె గొంతులో ఒక హుషారుంది. కొట్టు సరుకు ఆర్డర్లు తనే పెడుతోందట. ట్రక్కు డ్రైవర్లతో తనే మాట్లాడుతోందట. కారు నడుపుతోందట, అదీ హైవే మీద. ఇక్కడ పంతొమ్మిదేళ్ళలో ఆమె బస్సెక్కినా ఏ నంబరో నేనే చెప్పేవాణ్ణి. అన్నీ విని "మంచిది, మంచిది" అన్నాను. ఆమె అంత సంతోషంగా ఉంటే నా దిగులు మధ్యలోకి తేవడానికి మనసు రాలేదు.

డిసెంబరు చివరి వారంలో ఫోన్ చేసినప్పుడు ఆ హుషారు లేదు.

"వాడి కారు మళ్ళీ వచ్చిందండీ. రోడ్డుకవతల ఆపి, గంటసేపు కూర్చుని పోయాడు. వాడే. నాకు గుర్తుంది." గొంతు సన్నగా ఉంది. "రెండు రోజుల నుంచి నిద్రలేదు. శనివారం కొనేస్తాను. అక్కడేదో ఫారం ఇస్తారట, ఒక్క గడి తప్పు రాసినా తంటానే అన్నాడు అన్నయ్య. మీరు చూసి నింపి పంపండి. దాన్ని చూసి రాసేస్తాను."

దేశం కాని దేశంలో బతికే మనవాళ్ళకు ఫారమంటే ప్రాణభయం. ఒక్క టిక్కు అటూ ఇటైతే ఎక్కడ వెనక్కి పంపేస్తారోనని. మా ఇంట్లో ఆ భయమంతా నేనే పడేవాణ్ణి. పెళ్ళయినప్పటి నుంచి సుమలత పేరుమీద వెళ్ళిన ప్రతి కాగితం, వీసా దగ్గర్నుంచి లైబ్రరీ కార్డు దాకా, నేను నింపినదే. ఆమె సంతకం చేసేది. ఒకసారి చదువుకో అంటే, "మీరు చూశారుగా" అనేది. నాకది గొప్పగా ఉండేది.

కొత్త సంవత్సరం మర్నాడు, శుక్రవారం, సెలవు పెట్టి, ఆ ఫారం దింపుకుని, పొద్దున్నే టీ కప్పుతో కూర్చున్నాను. పేరు, పుట్టిన ఊరు, ఎత్తు, బరువు. గ్రీన్ కార్డు నంబరు. నేరాలేమైనా చేశారా, మత్తుమందులు వాడతారా, అన్నిటికీ లేదు, లేదు. తర్వాత, నివాసం ఏ రాష్ట్రం. శశికాంత్ ఇంటి చిరునామా రాయబోయి, అలవాటు కొద్దీ వెనక పేజీల్లో సూచనలు చదివాను. నేను సూచనలు చదవకుండా ఏ గడీ నింపను.

నివాసం అంటే ఏమిటో అక్కడ రాసి ఉంది. ఒక రాష్ట్రంలో ఇల్లు ఏర్పరచుకునే ఉద్దేశంతో అక్కడ ఉంటున్నవారే ఆ రాష్ట్ర నివాసి. కింద సంతకం దగ్గర, ఇందులో రాసినవన్నీ నిజమని ప్రమాణం.

రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదివాను. వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఫిబ్రవరి పదహారున తిరిగొచ్చే మనిషి అక్కడ చుట్టం. చుట్టానికి తుపాకీ అమ్మరు. తుపాకీ అమ్మాలంటే ఆమె ఇల్లు అక్కడిదై ఉండాలి.

ఫోన్ చేసి ఈ మాట చెప్పెయ్యాలనుకున్నాను. చెప్తే ఆమె కొనదు. అబద్ధపు సంతకమంటే ఆమెకూ భయమే. కొనకపోతే రేపు సాయంత్రం ఆ కారు వచ్చి ఆగినప్పుడు కౌంటర్ వెనక ఉత్త చేతులతో నిలబడుతుంది. రెండు రాత్రుల నుంచి నిద్రలేదన్న ఆ గొంతు నా చెవిలోనే ఉంది. టీ చల్లారిపోయింది. వాన తగ్గి, కింద ఎవరో పిల్లల్ని బడికి దింపి వచ్చే మాటలు వినిపిస్తున్నాయి. ఆ గడిలో టెక్సాస్ అని కొట్టాను. చిరునామా రాశాను. మళ్ళీ మొదటినుంచి అన్నీ సరిచూసి పంపేశాను.

పంపాక నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇది ఫారం వరకే. రాసింది నేను. సుమలత ఎలాగూ చదవదు. చదవని మాట ఆమె అన్నట్టు కాదు. టికెట్ ఉండనే ఉంది. ఈ లెక్క పట్టుకుని తొమ్మిది రోజులు గడిపాను. ఆఫీసుకు వెళ్ళొచ్చాను. ఫసియుద్దీన్ అంకుల్‌తో కాఫీ తాగాను. "బీబీ ఎప్పుడొస్తది?" అంటే "వచ్చే నెల పదహారున" అని ఎప్పటికంటే గట్టిగా చెప్పాను.

కొట్లో పని తెమలక ఆమె ఆ తొమ్మిది రోజులూ ‘కొన్నాను, బాగున్నాను’ అని మెసేజీలే పెట్టింది. జనవరి రెండో వారంలో తీరిగ్గా ఫోన్ చేసింది. వీడియోలో కనిపించింది. వదులుగా ముదురు నీలం చొక్కా వేసుకుంది. లేచి అటూ ఇటూ తిరిగి చూపించింది.

"కనిపిస్తోందా?"

"లేదు" అన్నాను. నిజంగానే కనిపించలేదు.

"మొదటి రెండు రోజులు మీరన్నట్టే తుంటి కందిపోయింది. ఇప్పుడు అలవాటైంది. వాడు మళ్ళీ రాలేదండీ. వచ్చినా సరే. రాత్రిళ్ళు హాయిగా నిద్రపోతున్నాను."

ముఖం తేటగా ఉంది. కళ్ళకింద నలుపు పోయింది. నాకు నిజంగా సంతోషమేసింది. ఆ క్షణంలో ఇంకేమీ గుర్తురాలేదు. ఆ చనువుతోనే, పాత రోజుల్లోలాగా ఆటపట్టించబోయాను.

"ఫారం ఏ గొడవా లేకుండా అయిపోయిందిగా? నేను పంపింది చూసి దించేసి, ఎప్పట్లాగే చదవకుండా సంతకం పెట్టేసి ఉంటావు."

అవునంటుందని ఎదురుచూశాను. ఆమె కుర్చీలో కూర్చుంది. ఫోన్‌ను కౌంటర్ మీద దేనికో ఆనించి పెట్టింది.

"లేదండీ. ఈసారి చదివాను."

"మొత్తమా?"

"మొత్తం. వెనక పేజీలు కూడా." కిందికి చూస్తూ అంది. "ఇల్లు సంగతి రాసి ఉంది కదా, అక్కడ ఆగిపోయాను. మీరు చూసే ఉంటారనుకున్నాను. మీరు చూడకుండా ఏదీ రాయరు."

"చూశాను" అన్నాను.

"చూసి కూడా టెక్సాస్ అని రాసి పంపారు."

"నువ్వు భయపడుతున్నావని."

"తెలుసండీ." చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది. "షాపతను పెన్ను ఇచ్చి కాఫీ తాగడానికి వెళ్ళిపోయాడు. అన్నయ్య బయట ఫోన్‌లో ఉన్నాడు. చాలాసేపు కూర్చున్నాను. అబద్ధమైతే సంతకం పెట్టకూడదనుకున్నాను. లేచి వచ్చేద్దామనుకున్నాను కూడా. ఆ తర్వాత పెట్టాను."

నాకు అర్థమైంది. ఫిబ్రవరి పదహారు టికెట్ సంగతి ఇక అడగక్కర్లేదు. అటువైపు తలుపు గంట మోగింది. ఆమె తలెత్తి, కూర్చున్నచోటే భుజాలు నిటారు చేసి, వచ్చినవాళ్ళను చూసింది.

"ఎవరో వచ్చారండీ."

"జాగ్రత్త" అన్నాను.

"ఫరవాలేదు. నేను చూసుకుంటాను. మీరు పెట్టెయ్యండి" అంది.

పెట్టేశాను.